కిటికీ ముందు ఇనప కుర్చీ

ఎవరైనా తనతో మాట్లాడబోతే సీతాపతి ముందుగా కుడిచెయ్యి ఎత్తేవాడు. అరచెయ్యి తెరిచి, మెల్లగా వెలుతురు వైపుకు తిప్పేవాడు. మొహం అటు పెట్టి చెప్పమని. తెలిసినవాళ్లు తిరిగేవాళ్లు. తెలియనివాళ్లు ఆయన తమను దీవిస్తున్నాడనుకుని నమస్కారం పెట్టేవాళ్లు.

ముప్పై అయిదేళ్లు మిల్లులో, మగ్గాల షెడ్డులో పనిచేశాడు. వందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకునే చోట మనిషి గొంతు పనికిరాదు. షెడ్డులో చేరిన మొదటి నెలలోనే ఎవడైనా పెదవులు చదవడం నేర్చుకుంటాడు. పది పదిహేనేళ్లకు చెవులు పోతాయి. పోయినట్టు చాలా రోజుల దాకా తెలియదు కూడా. ఇంట్లో బిడ్డ ఏడుస్తుంటే పలకలేదని పెళ్లాం తిట్టినప్పుడు తెలుస్తుంది.

పెదవులు చాలని చోట చేతులుండేవి. బొటనవేలూ చూపుడువేలూ నలిపితే పోగు తెగిందని. పొట్ట మీద అరచెయ్యి వేస్తే అన్నం వేళ. మీసం దువ్వితే మేస్త్రీ వస్తున్నాడు, జాగ్రత్త. ఈ భాష ఆఫీసు గదుల్లో కూర్చున్నవాళ్లకు తెలియదు. వాళ్లు షెడ్డులోకి వచ్చేది ఏడాదికొకసారి, ఆయుధపూజకు. ఆ రోజు మగ్గాలు ఆగి ఉంటాయి.

1978లో సీతాపతి రిటైరయ్యాడు. సారం అనే పేటలో రెండు గదుల ఇల్లు, భార్య అలివేలు. కూతురు పెళ్లయి కడలూరులో ఉంది. అప్పటినుంచి ఆయన రోజులు మూగబోయాయి. చెవిటితనం వల్ల కాదు, అది పాతదే. మాట్లాడే చోటు లేక. ఇల్లు చీకటి కొట్టు. వీధిలో మనుషులు నడుస్తూ మాట్లాడతారు, మొహాలు నిలవవు. టీ అంగడి బల్ల మీద అందరూ ఒకే వరసలో కూర్చుంటారు. పక్కవాడి చెవి కనబడుతుంది కానీ నోరు కనబడదు. పెదవులతో మాట్లాడేవాళ్లకు గుండ్రంగా కూర్చునే జాగా కావాలి, నాలుగు వైపుల నుంచీ వెలుతురు కావాలి. ఊళ్లో అట్లాంటిది ఎవరు కట్టిస్తారు?

కట్టించారు. 1979లో బజారు వ్యాపారులు నలుగురైదుగురు కలిసి సారంలో వయోధికుల సేవా సంఘం పెట్టారు. పొడుగాటి హాలు, రెండు వైపులా ఆరేసి కిటికీలు, నాపరాళ్లు పరిచిన చల్లటి నేల. మధ్యాహ్నం మూడింటికి టీ, శనగల సుండల్. బుధవారం డాక్టరు వచ్చి బీపీ చూసేవాడు. శుక్రవారం భజన. ఏడాదికోసారి బస్సులో తిరువణ్ణామలై.

భజన జరిగేటప్పుడు మిల్లువాళ్లు నలుగురు హాలు తూర్పు మూల చేరేవారు. సీతాపతి, ఆయన పక్క మగ్గం మీద ఇరవై ఏళ్లు నిలబడ్డ ముని, తమిళుడైనా వీళ్లతో కలిసి తెలుగే మాట్లాడే కాళియప్పన్, కండెలు చుట్టే విభాగంలో పనిచేసిన పంకజం. నేల మీద గుండ్రంగా కూర్చునేవాళ్లు. చప్పుడు ఉండేది కాదు. చేతులు ఆడేవి, పెదవులు ఆడేవి, ఉన్నట్టుండి నలుగురూ ఒక్కసారిగా పగలబడి నవ్వేవాళ్లు. భజన చేసేవాళ్లు ఉలిక్కిపడి చూసేవాళ్లు.

సంఘం అధ్యక్షుడు రంగనాథం. బట్టల వ్యాపారి, మూడు తరాల అంగడి; అందరూ మొదలాళీ అని పిలిచేవాళ్లు, యజమాని అని. నలుగురూ ఆయనకొక సైగ పెట్టారు: జానతో బట్ట కొలిచి, చివర చిటికెనవేలు లోపలికి మడవడం. గజానికి అంగుళం తక్కువ కొలుస్తాడని. పంకజం ఆ సైగ చేస్తే కాళియప్పన్‌కు నవ్వాగక పొలమారేది.

ఆ ఏడాదే సంఘానికి సర్కారు గ్రాంటు వచ్చే వీలు దొరికింది. కమిటీలో పెద్దవాళ్ల తరఫున ఒకరుండాలని నిబంధన. ఒక సాయంత్రం రంగనాథం, కార్యదర్శి ఆదికేశవన్ హాలు గుమ్మంలో నిలబడి ఆ మాటే మాట్లాడుకున్నారు. సీతాపతి పది అడుగుల దూరంలో చెప్పులు వేసుకుంటున్నాడు. పడమటి ఎండ వాళ్ల మొహాల మీద పడుతోంది.

"ఎవుర్ని పెడదాం మొదలాళీ? ఆ రిటైర్డ్ ఇస్కూలు వాద్యార్‌ను పెడితే దినానికొక పిటిషన్ రాస్తాడు."

"ఆ చెవిటి సీతాపతిని పెట్టు. సంతకం చేస్తాడు, ఏందీ అని అడగడు."

"వినపడదే ఆయనకు, ఒక్క ముక్క కూడా."

"అందుకే గదప్పా చెప్తా ఉండేది."

సీతాపతి చెప్పుల పట్టీ సరిచేసుకున్నాడు. ఆదికేశవన్ వచ్చి ఆయన చెవిలో అరిచాడు, రెండు చేతులతో అభినయించాడు, చివరకు చెయ్యి పట్టుకుని కదిపాడు. సీతాపతి అంతా అప్పుడే తెలిసినట్టు కళ్లు పెద్దవి చేసి, ఇద్దరికీ దండం పెట్టాడు.

ఎందుకు పెట్టాడని అడగవచ్చు. ముప్పై అయిదేళ్లలో ఎవరూ ఆయనకు కుర్చీ వెయ్యలేదు. అంతే.

కమిటీ గదిలో చేతులున్న టేకు కుర్చీలు అయిదు. ఆరోది మడత పెట్టే ఇనప కుర్చీ, సీతాపతిది. దాన్ని గదికున్న ఒకే ఒక్క కిటికీ ముందు వేశారు. కాఫీ దబరా గ్లాసులో వచ్చేది, ఆయనకూ అందరితో పాటే. ఆదికేశవన్ ఇంగ్లీషులో మినిట్స్ రాసేవాడు. తమిళంలో చదివేవాడు. వాదులాట తెలుగులో జరిగేది. చివర పుస్తకం సీతాపతి ముందుకు జరిగేది. ఆయన తమిళంలో టి. సీతాపతి అని రాసేవాడు. తెలుగు ఆయనకు నోట్లోనే ఉంది, చేతికి రాలేదు.

ఆ గదిలో ఆయన చెయ్యి ఎప్పుడూ ఎత్తలేదు. అవసరం కూడా పడలేదు. కిటికీ ఆయన వెనుక ఉంది. వెలుతురంతా ఎదుటి అయిదు మొహాల మీద పడేది. ఎవరి నోట్లో ఏది కట్టుడు పన్నో కూడా ఆయనకు తెలుసు.

సమావేశమైన రోజు ఇంటికి పోయి అలివేలు ముందు అంతా ఆడి చూపించేవాడు. రంగనాథం పెదవి నాక్కోవడం, ఆదికేశవన్ కలం కొరకడం, ఎవరి తర్వాత ఎవరు ఏమన్నారో, ఒక్క మాట పోనిచ్చేవాడు కాదు. అలివేలు కడుపు పట్టుకుని నవ్వేది.

"అయితే చూపులో చెవులు పెట్టుకోని కూచ్చోని ఉండావని వాండ్లకు తెలీదా?"

"తెలిస్తే కుర్చీ యాడుంటది?"

మొదటి ఏడాది నవ్వుకు సరిపోయింది. తర్వాత మాటలు మారాయి.

1981లో, డాక్టరు వారం వారం ఎందుకు, నెలకొకసారి చాలన్నారు. రంగనాథం అన్న మాట ఇది: "ముసిలోళ్లకి బీపీ వారంలో ఏం మారుద్ది? పోయేవోడు పోతాడు." సీతాపతి సంతకం చేశాడు. మరుసటి ఏడాది, ముహూర్తాల రోజుల్లో హాలును నిశ్చితార్థాలకూ సీమంతాలకూ ఇద్దామన్నారు. సంతకం చేశాడు. తిరువణ్ణామలై బస్సు ఆపేశారు. సంతకం చేశాడు. డాక్టరు నెలకొకసారి కూడా మానుకున్నాడు. ఆ మాట గదిలో అనుకున్నారు గానీ, దానికి సంతకం కూడా అడగలేదు.

మిల్లువాళ్లు అడగకుండా ఉంటారా? తూర్పు మూల గుండ్రంలో మొదట అడిగింది పంకజం. వాళ్ల మాట చేతుల్లో సగం, పెదవుల్లో సగం.

"ఏమన్నా, మెంబరువి గదా, బస్సు ఆపతా ఉంటే నువ్వేం చేసినావు? కాఫీ తాగినావా?"

సీతాపతి అప్పటికే ఒక జవాబు కట్టి ఉంచుకున్నాడు. "యాడమ్మా! వాండ్లు కిటికీకి వీపు పెట్టి కూచ్చుంటారు. మొగాలన్నీ చీకటి. నాకు నోర్లే కనపడవు. పుస్తకం నా ముందుకు తోస్తారు, అంతే."

మిగిలిన ముగ్గురూ తలలాడించారు. మొహం చీకట్లో ఉంటే మాట లేదు. అది వాళ్లకు చెప్పనక్కరలేని సంగతి. ఎవరైనా వినపడలేదంటే మనం అనుమానపడతాం, కనబడలేదంటే వాళ్లు అనుమానపడరు.

"కొంచెం జరగమని చెప్పగూడదా?" అన్నాడు కాళియప్పన్.

"మొదలాళిని జరగమని చెప్తావా నువ్వు?" అని ముని వాడి మోకాలి మీద కొట్టాడు. "పాపం అన్న. కాఫీ వాసన ఒక్కటే మిగిలేది ఆయనకి."

ముని ఆ మాట జాలితో అన్నాడు. సీతాపతి ఆ జాలిని కూడా తీసుకున్నాడు.

అట్లా ఆరేళ్లు. మధ్యలో ఆయనకు మాట్లాడాలని అనిపించకపోలేదు. కానీ మొదటిసారి ఊరుకున్న మనిషికి రెండోసారి నోరు తెరవడం రెట్టింపు కష్టం. నాకు తెలుసు అంటే, ఎప్పటినుంచి తెలుసు అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది.

1985లో, తమిళుల ఆవణి నెలలో చివరి సమావేశం జరిగింది. ముందు రోజే రంగనాథం లాయరును కలిసి వచ్చినట్టున్నాడు. కాఫీ రాకముందే మొదలుపెట్టాడు.

"హాలును కల్యాణ మండపంగా లీజుకిచ్చేద్దాం. పందిళ్ల కాంట్రాక్టరు విజయరంగన్ తీసుకుంటానంటా ఉండాడు. ఏడాది పొడుగునా."

"పెద్దోళ్లు?" అన్నాడు ఆదికేశవన్.

"ఇంటి కాడికే సేవ అని రాయి. దీపావళికి ఒక దుప్పటి, ఒక మైసూర్‌పాకు పొట్లం. దుప్పట్లు మన అంగట్లోవే. పోయినేటివి చానా మిగిలిపోయి ఉండాయి."

"కూచ్చునేదానికి చోటు అడగతారు మొదలాళీ. ఆ మిల్లు గుంపు దినమూ వస్తా ఉండారు."

"ఆ మూగసన్నెలా? వాండ్లకి మాట్లాడేదానికి ఏముండాది, చేతులు ఊపుకునేదానికి? యాడైనా ఊపుకోమను. సముద్రం గట్టున చానా చోటుంది."

అందరూ నవ్వారు. సీతాపతి ఆ నవ్వు చూశాడు. గొంతులో వాక్యం సిద్ధమైంది. నాలుగే మాటలు: మాకు ఇంకో చోటు లేదు. నోరు తెరిచాడు. అప్పుడే రంగనాథం ఆయన వైపు వంగి, చంటిబిడ్డతో అన్నట్టు పెదవులు సాగదీసి అడిగాడు.

"కాఫీ తాగినారా, మెంబరు గారూ?"

"తాగినా మొదలాళీ," అన్నాడు సీతాపతి.

కాఫీ ఇంకా రాలేదు. పుస్తకం వచ్చింది. సంతకం చేశాడు. అలివేలు ముందు ఆ సాయంత్రం ఏమీ ఆడలేదు. ఆమె అడిగితే తలనొప్పి అన్నాడు.

పది రోజులకు నోటీసు అంటించారు. ఆ నెలాఖరు బుధవారం మధ్యాహ్నం హాలు ఖాళీ చేశారు. సామాను మొయ్యడానికి మనుషులు చాలక ఆదికేశవన్, టీకి వచ్చినవాళ్లలో కాస్త గట్టిగా ఉన్నవాళ్లను పిలిచాడు. ముని పోయాడు. బెంచీలు మోశాడు, భజన మృదంగం మోశాడు, కమిటీ గదిలోకి కుర్చీల కోసం వచ్చాడు. ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. రొప్పు వచ్చి, గుమ్మానికి ఎదురుగా కిటికీ ముందున్న ఇనప కుర్చీలో కూర్చున్నాడు.

బల్లకు అవతల ఆదికేశవన్ ఎవరో లైట్లవాడితో మాట్లాడుతున్నాడు. తోరణానికి రంగు బల్బులు ఎన్ని కావాలి, జనరేటరు ఎక్కడ పెట్టాలి. ముని ఊరికే చూస్తూ ఉన్నాడు. కొంచెంసేపటికి తను ఒక్క మాటైనా తప్పిపోకుండా చూస్తున్నానని గ్రహించాడు. తల తిప్పి వెనక ఉన్న కిటికీని చూశాడు. మళ్లీ ముందుకు చూశాడు.

"సార్, ఈ కుర్చీ ఎప్పుడూ ఈడేనా?" అని అడిగాడు.

ఆదికేశవన్ చేతులతో కూడా చూపిస్తూ చెప్పాడు. "ఆరేండ్లుగా ఆడే. మీ మెంబరు కుర్చీ. చెవులా వినపడవు, గాలన్నా తగలనీ అని మొదలాళే వేయించినాడు."

ముని ఇంకే కుర్చీ మొయ్యలేదు.

తూర్పు మూలలో చాపలు అప్పటికే చుట్టేశారు. ముగ్గురూ వట్టి నేల మీద కూర్చుని ఉన్నారు. సీతాపతి వచ్చి తన చోట కూర్చున్నాడు. ముని చేతులతోనే గది గీశాడు: ఇదిగో బల్ల, ఇదిగో కిటికీ, ఇదిగో ఇనప కుర్చీ. వీపు ఇటు. వెలుతురు అటు. షెడ్డులో యంత్రం ఎక్కడ చెడిందో మేస్త్రీకి చూపించినట్టు, ఏ కోపమూ లేకుండా చూపించాడు.

పంకజం చాలాసేపు ఆ గాలిలో గీసిన గదినే చూసింది. తర్వాత సీతాపతి మొహం చూసింది.

"మొదటి నుంచా?"

సీతాపతి తల ఊపాడు.

"బస్సు?"

ఊపాడు.

"డాక్టరు? మా ఆయనకి బీపీ ఎక్కినప్పుడు, బుధవారం వస్తాడులే అని పెట్టుకోని ఉంటి గదా అన్నా. అప్పుడు నీకు తెలుసునా, ఇంక రాడని?"

ఈసారి ఆయన తల ఊపలేదు. ఊపకపోయినా ఒకటే.

"నాకు కుర్చీ వేసినారమ్మా," అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో ఎంత గట్టిగా అన్నాడో ఆయనకు తెలియదు. హాలులో బెంచీలు మోసేవాళ్లు ఆగి ఇటు చూశారు.

"ఎన్నప్పా, కుర్చీయా?" అన్నాడు కాళియప్పన్. "అడిగింటే మా ఇంట్లోది తెచ్చిచ్చి ఉందునే. మూడు కాళ్లే, అయినా కూచ్చోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. కాళియప్పన్ కూడా నవ్వించడానికి అనలేదు. వాడే ముందుగా మొహం పక్కకు తిప్పాడు. పంకజం గోడ వైపు తిరిగింది. ముని ఒక్కడే కాసేపు ఎదురుగా చూశాడు, ఏదో చెప్పబోయినట్టు. తర్వాత పెదవులు మూసి, రెండు చేతులూ తొడల కిందికి తోసి, వాటి మీద కూర్చున్నాడు.

చెవులున్నవాడితో మాట్లాడకూడదనుకుంటే నోరు మూసుకుంటే చాలదు, పక్కవాడితో అన్న మాట కూడా అతనికి వినబడుతుంది. సీతాపతి విషయంలో అంత కష్టం లేదు. ముగ్గురూ మొహాలు తిప్పుకున్నారు. లోకం అక్కడికి ఆగిపోయింది.

ఆయన అట్లాగే కూర్చున్నాడు. చాపలు మోసేవాడు వచ్చి భుజం తట్టేవరకూ కూర్చున్నాడు. తల ఎత్తేసరికి ముగ్గురూ లేరు.

ఇంటికి పోయేసరికి పొద్దు ఇంకా ఉంది. అలివేలు గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. జరిగింది చెప్పాడు.

"తిప్పుకున్నారా? తిప్పుకోరా మరి?" అంది. ఆకు పక్కన పెట్టి, ఎండలోకి జరిగి, మొహం బాగా కనబడేట్టు కూర్చుంది. "నేనైతే అప్పుడే తిప్పుకోని ఉండాల్సింది. నువ్వు ఆడతా ఉంటే నవ్వతా కూచ్చున్నాను. పంకజం మొగుడు పోయినాడని పాలు తీసుకోని పొయినప్పుడు కూడా నాకు గుర్తుకు రాలేదు చూడు. వాండ్ల మాదిరే నవ్వినాము, మనమూ ఆ సంఘమే."

"ఇప్పుడేం చేసేది?"

"నన్నడగతా ఉండావా? సంతకం పెట్టేటప్పుడు అడిగినావా?"

"వాండ్ల ఇండ్లకు పోతాను. కాళ్లు పట్టుకుంటాను."

"పోయి? మొగం తిప్పుకున్నోళ్ల ముందు నువ్వేం చెప్పినా వాండ్ల జవాబు నీకు యాడ కనపడుద్ది?" అలివేలు మళ్లీ ఆకు తీసుకుంది. "పైగా వాండ్ల చెవులు కూడా నీ మాదిరే. నువ్వు అరిచినా వాండ్లు వినరు."

అది నిజం. అరిస్తే వినగలిగినవాళ్లు ఈ ఊళ్లో వేరే ఉన్నారు. సీతాపతి ఆ రాత్రి అన్నం తిన్నాడు, పడుకున్నాడు, నిద్ర కూడా పోయాడు.

మరునాడు ఉదయం ఉతికిన చొక్కా వేసుకుని బజారుకు నడిచాడు. రంగనాథం అంగడి అప్పుడే తెరిచారు. ఆడవాళ్లు ఇద్దరు చీరలు చూస్తున్నారు. ఎదుటి పాత్రల అంగడివాడు మెట్లు కడుగుతున్నాడు. రంగనాథం పరుపు మీద నుంచే రెండు చేతులూ జోడించి, పెదవులు సాగదీశాడు.

"రాండి రాండి, మెంబరు గారూ!"

అని, గుమాస్తా వైపు సగం తిరిగి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు. "దుప్పటి ఇప్పుడే కావాలని వచ్చినాడో ఏందో ఈ చెవిటోడు."

"దుప్పటికి రాలేదు మొదలాళీ," అన్నాడు సీతాపతి.

రంగనాథం చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి.

సీతాపతి మెట్టు దిగి వీధిలో, అంగడికి ఎదురుగా నిలబడ్డాడు. షెడ్డులో ఎప్పుడూ పనికిరాని గొంతుతో, ఎంత ఉందో తనకే తెలియని గొంతుతో మొదలుపెట్టాడు. 1979 నుంచి మొదలుపెట్టాడు. ఎవరు ఏ నెలలో ఏమన్నారో, వెంటనే ఎవరు నవ్వారో, ఒకదాని తర్వాత ఒకటి. బీపీ మాట చెప్పాడు. బస్సు మాట చెప్పాడు. ఒక్కొక్కటి చెప్పి, దాని చివర, "దీనికి నేను సంతకం పెట్టినాను. నా పేరు టి. సీతాపతి" అని చెప్పాడు. చీరలు చూస్తున్న ఆడవాళ్లు బయటికి వచ్చారు. సైకిళ్లు ఆగాయి. గుమాస్తా వచ్చి చెయ్యి పట్టి లాగాడు. ఒకడు పిచ్చి పట్టిందన్నాడు, ఒకడు నిజమేనా అన్నాడు, ఇద్దరు నవ్వారు. అందరి నోళ్లూ ఆయనకు కనబడుతూనే ఉన్నాయి. 1982కు వచ్చేసరికి గొంతు జీరపోయింది. పాత్రల అంగడివాణ్ణి ఒక చెంబు నీళ్లడిగి తాగి, 1983 మొదలుపెట్టాడు.